ఇంట్లో చేసిన ఎల్ఈడీ సైకిలు దీపం స్పీడ్ హంపు దాటగానే ఆరిపోతోంది: కారణం ఏమై ఉంటుంది?

రెండో షిఫ్టు
సోమవారం, రాత్రి 11:48

సభ్యులకు నమస్కారం. నేను బెంగళూరు బెల్లందూరులో రెండో షిఫ్టు ముగించుకొని, రాత్రి పదకొండు దాటాక మారతహళ్లి అవతల ఉన్న గదికి సైకిలు మీద చేరుకుంటాను. దూరం 7 కిలోమీటర్లే. అయితే అవుటర్ రింగు రోడ్డులో మెట్రో పనుల కోసం బారికేడ్లు పెట్టిన చోట వీధి దీపాల వెలుగు సర్వీసు రోడ్డు మీదకు సరిగా పడదు. గుంత ఎక్కడుందో, నిలిచిన నీటి లోతెంతో చక్రం దిగిన తరువాతే తెలుస్తుంది. కొన్న దీపం ఒకటి రెండు నెలలకే మూలపడింది కాబట్టి, ఈసారి నేనే ఒకటి తయారు చేసుకున్నాను.

20 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక మీద అతికించి అమ్మే క్రీ ఎక్స్ఎం-ఎల్2 ఎల్ఈడీ ఒకటి, కరెంటును నిలకడగా ఉంచే 7135 చిప్పులు నాలుగున్న డ్రైవర్ బోర్డు ఒకటి, ప్లాస్టిక్ హోల్డరులో పక్కపక్కన కూర్చునే రెండు 18650 రకం లిథియం సెల్లు, రక్షణ సర్క్యూటుతో వచ్చే టీపీ4056 ఛార్జింగ్ మాడ్యూలు, 30 డిగ్రీల లెన్సు వాడాను. వీటిలో చాలావరకు ఎలక్ట్రానిక్ సామాను అమ్మే ఎస్పీ రోడ్డులో దొరికాయి. అల్యూమినియం యు-ఛానెల్ ముక్క మాత్రం కిటికీలు బిగించే మిస్త్రీ దగ్గర అడిగి తెచ్చుకున్నాను. బల్ల మీద వెలిగించినప్పుడు గది అంతా పట్టపగలులా కనిపించింది.

రోడ్డు మీదకు వెళ్లాక మాత్రం వేరుగా ఉంది. ఒక హంపు దాటితే వెలుగు తగ్గుతుంది, ఇంకొకటి దాటితే మిణుకుమిణుకుమనడం మొదలవుతుంది. ఈ వారంలో మూడుసార్లు పూర్తిగా ఆరిపోయింది, స్విచ్చు ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు. ఎల్ఈడీ వేడికి తట్టుకోలేకపోతోందని నా అనుమానం. దీన్ని తీసేసి మూడు ఎల్ఈడీల దీపం చేస్తే వెలుగు కూడా పెరుగుతుంది కదా అనుకుంటున్నాను. మీ సలహా కోరుతున్నాను.

హెబ్బాళ సవారి
మంగళవారం, ఉదయం 6:20

వేడి అనుమానాన్ని ముందుగా తేల్చేద్దాం. నాలుగు 7135 చిప్పులంటే, ఒక్కొక్కటి 350 మిల్లీ ఆంపియర్ల చొప్పున మొత్తం 1.4 ఆంపియర్లు. ఆ కరెంటు దగ్గర మీ ఎల్ఈడీ మీద దాదాపు 3 వోల్టులు నిలుస్తాయి కాబట్టి అది తాగేది 4 వాట్లకు కాస్త ఎక్కువ. అందులో సగానికి పైగా వేడిగానే మిగులుతుంది. డ్రైవర్ బోర్డు వేడి దీనికి అదనం. సెల్లు నిండుగా 4.2 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు మిగులు వోల్టేజీని ఆ చిప్పులు వేడిగా మార్చి పారేస్తాయి, అది ఒకటిన్నర వాటు దాకా ఉంటుంది. ఇదంతా అల్యూమినియం ముక్కలోకి దిగి, గాలికి చల్లారాలి.

ఇల్లు చేరిన వెంటనే, సైకిలు ఆపిన క్షణంలోనే ఛానెల్‌ను వేలితో తాకి చూడండి. అయిదారు సెకన్లు వేలు ఉంచగలిగితే వేడి మీ సమస్య కాదు. చుర్రుమంటే ఎల్ఈడీ పలకకూ ఛానెల్‌కూ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్టు సరిగా పరుచుకోలేదని అర్థం. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ పరీక్షను బల్ల మీద చేయకూడదు, ఎందుకంటే సైకిలు కదులుతున్నప్పుడు తగిలే గాలి అక్కడ ఉండదు. దారిలో చల్లగా ఉండే దీపమే గదిలో పది నిమిషాలకు కాలిపోతున్నట్టు అనిపిస్తుంది.

టంకం
మంగళవారం, ఉదయం 9:05

వేడి వల్ల ఆరిపోయే దీపం హంపుల కోసం ఎదురుచూడదు. మీరు చెప్పిన మూడు లక్షణాల్లోనూ కుదుపు ఉంది. కాబట్టి ఎక్కడో ఒకచోట క్షణకాలం కరెంటు తెగిపోతోంది. ఊహించి చెప్పే ముందు నాకు మూడు విషయాలు కావాలి. మొదటిది, మీ డ్రైవర్ బోర్డులో ఎక్కువ వెలుగు, తక్కువ వెలుగు, మిణుకు అని వేర్వేరు పద్ధతులు ఉన్నాయా? రెండవది, దీపం పూర్తిగా ఆరిపోయినప్పుడు మల్టీమీటరుతో సెల్లు దగ్గరా, ఛార్జింగ్ మాడ్యూలు అవుట్‌పుట్ దగ్గరా విడివిడిగా వోల్టేజీ చూడండి. మూడవది, ఆరిపోయిన దీపం మళ్లీ ఎలా వెలిగిందో మీరు రాయలేదు. అసలు రహస్యం అక్కడే ఉందని నా అభిప్రాయం.

రెండో షిఫ్టు
బుధవారం, రాత్రి 12:10

హెబ్బాళ సవారి గారూ, ఈ రాత్రి దారిలో సైకిలు ఆపిన క్షణంలోనే తాకి చూశాను. గోరువెచ్చగా ఉంది, వేలు హాయిగా ఉంచగలిగాను.

టంకం గారూ, అదృష్టమో దురదృష్టమో, ఈ రాత్రి మారతహళ్లి వంతెన దాటిన తరువాత దీపం మళ్లీ ఆరిపోయింది. మిగిలిన దూరం ఫోను వెలుగులో నెట్టుకుంటూ వచ్చి, ఏదీ కదపకుండా మీటరు పెట్టాను. సెల్లు దగ్గర 3.92 వోల్టులు, మాడ్యూలు అవుట్‌పుట్ దగ్గర సున్నా. డ్రైవర్ బోర్డులో మీరన్న మూడు పద్ధతులూ ఉన్నాయి. మళ్లీ వెలగడం విషయానికి వస్తే, ప్రతిసారీ ఛార్జరు పెట్టాక వెలిగింది. బ్యాటరీ అయిపోయిందేమోనని పెట్టేవాణ్ణి, పెట్టిన మరుక్షణమే దీపం వెలిగేది. ఈ సంగతి రాయాలని నాకు తోచనే లేదు.

టంకం
బుధవారం, ఉదయం 8:40

ఇంతకంటే స్పష్టమైన ఆధారం అక్కరలేదు. మీ ఎల్ఈడీ బాగుంది, డ్రైవరు బాగుంది, సెల్లలో ఛార్జీ ఉంది. తప్పు ప్లాస్టిక్ హోల్డరులోని స్ప్రింగులది.

మీ ఛార్జింగ్ మాడ్యూలు మీద టీపీ4056తో పాటు డీడబ్ల్యూ01 అనే చిన్న రక్షణ చిప్పు ఉంటుంది. సెల్లు మరీ ఖాళీ అయినా, షార్టు అయినా అది అవుట్‌పుట్‌ను తెంచేస్తుంది. దానికి ఒక గుణం ఉంది. సెల్లు ఊడి తిరిగి తగిలినప్పుడు, అది కొన్నిసార్లు దీపానికి కరెంటు వదలకుండా మూసుకొని కూర్చుంటుంది. ఛార్జరు పెట్టి అటువైపు వోల్టేజీ చూపిస్తేనే తెరుచుకుంటుంది. చిప్పు తయారీదారు పత్రంలోనే ఈ సంగతి ఉంది. మాడ్యూలు అమ్మేవారు మాత్రం దీన్ని చెప్పరు. హంపు మీద మీ సైకిలు ఎగిరినప్పుడు ఒక్కొక్కటి 45 గ్రాముల పైచిలుకు బరువుండే సెల్లు స్ప్రింగును నొక్కి వెనక్కి జరుగుతాయి, అవతలి కొన రేకును వదిలేస్తుంది. ఆ ఎడం చాలా స్వల్పమైతే రక్షణ చిప్పు గమనించదు గానీ, డ్రైవరు మాత్రం మీరు స్విచ్చు నొక్కారనుకొని తరువాతి పద్ధతికి మారుతుంది. అందుకే వెలుగు తగ్గడం, మిణుకుమనడం. ఎడం కాస్త పెరిగితే రక్షణ చిప్పు మూసుకుంటుంది. అందుకే పూర్తి చీకటి. మీరు మూడు రోగాలనుకున్నవి ఒకే రోగం.

హోల్డరు తీసేయండి. రెండు సెల్లనూ నికెల్ పట్టీలతో స్పాట్ వెల్డింగ్ చేయించండి. సెల్లు మీద నేరుగా టంకం పెట్టాలనే ఆలోచన వద్దు, ఆ వేడి సెల్లు లోపలి పొరలకు హాని చేస్తుంది. వెల్డింగుకు ముందు రెండు సెల్లనూ విడివిడిగా పూర్తిగా ఛార్జి చేసి, వోల్టేజీలు సమానంగా ఉన్నాయని చూసుకోవడం తప్పనిసరి. ఒకటి 4.1 దగ్గర, మరొకటి 3.4 దగ్గర ఉండగా సమాంతరంగా కలిపితే, నిండిన సెల్లు ఖాళీ సెల్లులోకి అదుపు లేకుండా కరెంటు తోస్తుంది.

పద్ధతులు లేని, ఒకే వెలుగు ఇచ్చే డ్రైవర్ బోర్డు దొరికితే అది కూడా మార్చుకోండి. రోడ్డు చూసుకోవడానికి పెట్టుకున్న దీపంలో మిణుకు పద్ధతి ఎందుకో నాకు నేటికీ అర్థం కాలేదు.

డైనమో తాత
బుధవారం, సాయంత్రం 5:30

టంకం గారి నిర్ణయం చదివి సంతోషించాను. నేను 1974లో హిందూపురం నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చి, కార్ఖానా క్వార్టర్సు నుంచి గేటు దాకా ముప్పై ఏళ్లకు పైగా సైకిలు మీదే తిరిగినవాణ్ణి. మా దీపాలకు బ్యాటరీ లేదు. టైరుకు ఆనించే డైనమో ఉండేది, 6 వోల్టులు, 3 వాట్లు దాని సామర్థ్యం. అందులో 2.4 వాట్లు ముందు బల్బుకు, మిగిలిన 0.6 వెనుక ఎర్ర బల్బుకు. ఎక్కేటప్పుడు తొక్కలేక వేగం తగ్గితే వెలుగు కూడా నిప్పురవ్వంత అయ్యేది. దిగేటప్పుడు వేగం పెరిగి ఫిలమెంటు మాడిపోయేది. వెలుగు అక్కర ఉన్నప్పుడే అది మమ్మల్ని వదిలేసేదన్నమాట. లైటు లేకుండా దొరికితే పోలీసులు ఆపి టైరులో గాలి తీసేసే రోజులవి. అందుకని వెలగకపోయినా డైనమో టైరుకు ఆనించే ఉంచేవాళ్లం.

శివనసముద్రం దగ్గర కావేరి నీటితో పుట్టించిన కరెంటుతో 1905లోనే వీధి దీపాలు వెలిగిన ఊరు ఇది. ఆ ఊరిలో కుర్రవాడు ఫోను వెలుగులో సైకిలు నెట్టుకుంటూ ఇంటికి వెళ్లాడంటే మనసు చివుక్కుమంది.

యంత్రాల దగ్గర పనిచేసిన అనుభవంతో ఒక మాట చేరుస్తాను. అదిరే చోట స్ప్రింగు మీద ఆధారపడిన ఏ అతుకైనా వదులవుతుంది. సెల్లు మాత్రమే కాదు, స్విచ్చుకు వచ్చే తీగ కూడా టంకం వేసిన చోటే పుటుక్కున తెగుతుంది, ఎందుకంటే టంకం పీల్చుకున్న తీగ అక్కడ బిరుసెక్కి వంగలేకపోతుంది. అతుకు నుంచి ఒక అంగుళం దూరంలో తీగను ఛానెల్‌కు కట్టేయండి. అప్పుడు కుదుపు ఆ కట్టు దగ్గర ఆగిపోతుంది, అతుకు దాకా పోదు.

బ్రెవే బండి
బుధవారం, రాత్రి 9:15

మూడు ఎల్ఈడీల ఆలోచన గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోగా ముగించవలసిన దూరపు సైకిలు యాత్రలు, చేస్తుంటాను. 300కు గడువు 20 గంటలు కాబట్టి ఒక రాత్రి భాగం తప్పదు. చీకట్లో ముందు, వెనుక దీపాలు వెలగడం అక్కడ నియమం. దీపం ఎంత ప్రకాశిస్తుందనే దానికన్నా, తెల్లవారే దాకా వెలుగుతుందా అనేదే నేను మొదట చూస్తాను.

మీ సెల్లు ఒక్కొక్కటి నిజంగా 2600 మిల్లీ ఆంపియర్ అవర్ల నిల్వ గలవి అయితే రెండూ కలిపి 5200. దాన్ని 1.4 ఆంపియర్లతో భాగిస్తే మూడున్నర గంటలకు కాస్త ఎక్కువ. మీ అరగంట ప్రయాణానికి వారమంతా సరిపోతుంది. మూడు ఎల్ఈడీలను అదే వెలుగుతో నడిపితే అది గంటా పదిహేను నిమిషాలకు పడిపోతుంది, వేడి మూడింతలవుతుంది, ఛానెల్ సరిపోదు. అప్పుడు మీరు నిజంగానే వేడి సమస్యతో ఇక్కడికి తిరిగి వస్తారు.

మీకు ఎంత దూరం కనబడాలో లెక్క వేయండి. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 7 మీటర్లు. గుంతను చూసి బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకను, అంటే పదిన్నర మీటర్లు అప్పటికే దాటిపోతాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 8 మీటర్లు పడుతుంది. మొత్తం 18 నుంచి 19 మీటర్లు. తడి రోడ్డు మీద 23 అనుకోండి. అంతకు మించి వెలుగు పంపితే మీకు ఒరిగేది తక్కువ.

కాలినడక
గురువారం, ఉదయం 7:50

నేను సైకిలు తొక్కను, తయారీ విషయాలు నాకు తెలియవు. కానీ ఈ చర్చలో ఒక పక్షం పూర్తిగా లేదు కాబట్టి రాయవలసి వస్తోంది. నేను హెచ్ఎస్ఆర్ లేఅవుటులో రాత్రి భోజనం తరువాత నడుస్తాను. ఈ మధ్య కొన్ని సైకిళ్ల దీపాలు నేరుగా కళ్లలో పడుతున్నాయి. అవి దాటిపోయాక రెండు మూడు సెకన్ల పాటు నాకు ఏమీ కనిపించదు. కాలిబాట రాయి లేచిపోయిన చోట ఆ రెండు సెకన్లు చాలు. గది పట్టపగలులా మారిందని మొదటి టపాలో సంబరంగా రాశారు. రోడ్డు మీద ఆ పట్టపగలు ఎవరి ముఖం మీద పడుతోందో కూడా ఆలోచించమని మనవి.

రెండో షిఫ్టు
గురువారం, మధ్యాహ్నం 1:30

కాలినడక గారూ, మీ ఇబ్బంది అర్థమైంది. అయితే నా పక్క నుంచి వంద అడుగులకు ఒక కారు పెద్ద లైటు వేసుకొని వస్తుంది, వాటి ముందు నా 4 వాట్లు ఎంతని నా సందేహం. పైగా ఎదుటివారికి నేను కనిపించకపోతే ప్రమాదం నాకే. అందుకే దీపాన్ని కాస్త పైకే ఎత్తి పెట్టుకున్నాను, దూరాన ఉన్న సూచిక పలకలు కూడా మెరుస్తున్నాయి.

కాలినడక
గురువారం, మధ్యాహ్నం 2:05

కారువాడు చేస్తున్నాడు కనుక నేనూ చేస్తానన్నది సమాధానం కాదు. కారు దీపం మోకాలికి కాస్త పైన ఉంటుంది, మీది హ్యాండిల్ మీద, నా నడుము ఎత్తులో ఉంటుంది. పైగా దాన్ని పైకి ఎత్తానని మీరే చెబుతున్నారు.

హెబ్బాళ సవారి
గురువారం, రాత్రి 8:40

కాలినడక గారి మాట న్యాయమైనది. విశేషమేమిటంటే, ఆయన అడుగుతున్నదీ, రెండో షిఫ్టు గారికి కావలసిందీ ఒక్కటే. సూచిక పలకలు మెరుస్తున్నాయంటే, గుంతల మీద పడవలసిన వెలుగు పలకల మీద ఖర్చవుతోందన్నమాట.

మీ లెన్సు 30 డిగ్రీలది. హ్యాండిల్ మీద నేల నుంచి ఒక మీటరు ఎత్తున దాన్ని సమంగా పెడితే, పై అంచు 15 డిగ్రీలు పైకి లేస్తుంది. అంటే 10 మీటర్ల దూరంలో అది మూడున్నర మీటర్ల ఎత్తుకు చేరుతుంది. మనిషి ముఖం, చెట్టు కొమ్మ అన్నీ అందులోకే వస్తాయి. ఇదే ఎల్ఈడీకి 10 డిగ్రీలని రాసి అమ్మే లెన్సు పెట్టండి. ఎక్స్ఎం-ఎల్2 పరిమాణంలో పెద్దది కాబట్టి ఆ లెన్సు నిజానికి 15 డిగ్రీల దాకా పరుస్తుంది. అయినా సగం కోణమంటే వెలుగు పరుచుకునే వైశాల్యం నాలుగో వంతు. అదే బ్యాటరీతో, అదే వేడితో నడిమధ్యన వెలుగు మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. మూడు ఎల్ఈడీలతో మీరు ఆశించినది ఒక ప్లాస్టిక్ ముక్క మార్పుతో చేతికి వస్తోంది.

ఇరుకు లెన్సుతో ఒక లోపం ఉంది, చక్రానికి రెండు పక్కలా చీకటిగా ఉంటుంది. దీనికి కోల లెన్సు మంచిది. అది నిలువునా సన్నగా, అడ్డంగా వెడల్పుగా పరుస్తుంది, రోడ్డు ఆకారం కూడా అదే కదా. వెలుగు పై అంచు కత్తిరించినట్టు ఆగిపోయే సైకిలు దీపాలు జర్మనీలో చట్టప్రకారం తప్పనిసరి. అటువంటి అద్దం ఇంట్లో చేసుకోవడం కష్టం గానీ, కోల లెన్సుకు పైన రెండు సెంటీమీటర్ల రేకు చూరు బిగిస్తే దాని దగ్గరి దాకా వెళ్లవచ్చు. చూరు లోపలి వైపు నల్ల రంగు పూయండి, లేకపోతే అది తిరిగి మీ కళ్లలోకే మెరుస్తుంది.

గురి పెట్టడానికి గోడ చాలు. దీపం నేలకు ఒక మీటరు ఎత్తున ఉంటే, సైకిలును గోడకు 3 మీటర్ల దూరంలో నిలిపి, వెలుగు నడిమి బిందువు గోడ మీద నేల నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర పడేలా వంచండి. మూడు మీటర్లకు పావు మీటరు దిగుతోందంటే, 12 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. పై భాగం బ్రెవే బండి గారు లెక్క కట్టిన 19 మీటర్ల దాకా సాగుతుంది.

శిరస్త్రాణానికి దీపం కట్టుకోవాలని ఎవరైనా చెబితే వినకండి. కంటి పక్కనే ఉన్న దీపం గుంతల నీడలను మీకు చూపించదు, ఎందుకంటే నీడ పడే వైపు మీకు కనబడదు. దీపం కంటికి ఎంత కింద ఉంటే గుంత నీడ అంత బాగా కనిపిస్తుంది. వీలైతే హ్యాండిల్ నుంచి దించి, ముందు ఫోర్కు పైభాగాన బిగించండి. అయితే ఎత్తు మారితే గోడ మీద గురి కూడా మళ్లీ లెక్క కట్టాలి.

కొత్త చేయి
శుక్రవారం, సాయంత్రం 6:10

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. డ్రైవర్ బోర్డు లేకుండా ఒక రెసిస్టరుతో పని జరగదా? ఎల్ఈడీని సెల్లుకు నేరుగా తగిలించినా వెలుగుతోంది.

టంకం
శుక్రవారం, రాత్రి 9:30

నేరుగా తగిలిస్తే వెలుగుతుంది, నిజమే. ఎల్ఈడీ వేడెక్కేకొద్దీ అంతే కరెంటుకు దానికి కావలసిన వోల్టేజీ తగ్గుతుంది. సెల్లు వోల్టేజీ మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల కరెంటు పెరుగుతుంది, దానితో వేడి పెరుగుతుంది, మళ్లీ కరెంటు పెరుగుతుంది. నిండు సెల్లుతో మీ అదృష్టం ఎన్ని నిమిషాలో చెప్పలేను.

రెసిస్టరు ఆ పరుగును ఆపుతుంది, కానీ వెలుగును నిలపదు. నిండు సెల్లు దగ్గర 1.4 ఆంపియర్లు రావాలంటే దాదాపు 0.82 ఓముల రెసిస్టరు కావాలి. అది ఒకటిన్నర వాటుకు పైగా వేడెక్కుతుంది కాబట్టి 5 వాట్ల వైర్ వౌండ్ (తీగ చుట్టిన) రకం తీసుకోవాలి. సెల్లు 3.5 వోల్టులకు దిగేసరికి కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. 7135 చిప్పులు అదే కరెంటును దాదాపు చివరి దాకా నిలకడగా ఇస్తాయి. నాలుగు చిప్పుల బోర్డు ధర చూస్తే, పొదుపు చేయవలసిన చోటు అది కాదు.

పొదుపు చేయకూడని ఇంకో చోటు సెల్లు. 18650 సెల్లులో 3500 మిల్లీ ఆంపియర్ అవర్లకు మించి పట్టడం అరుదు. పైన 9800 అని అచ్చు వేసినదాన్ని నేను ఒకసారి ఊళ్లో ఒక దుకాణంలో కొని, ఖాళీ అయ్యే దాకా కొలిస్తే వెయ్యి కూడా రాలేదు. తూకం వేస్తే 30 గ్రాములు. పాత ల్యాప్‌టాప్ సెల్లకు కొత్త తొడుగు వేసి అమ్మేవారూ ఉన్నారు. వంటింటి తూకం యంత్రం పక్కన పెట్టుకొని కొనడం మంచిది.

ఇంకొక్కటి. దీపం వెలుగుతుండగా ఛార్జి చేయవద్దు. కరెంటు పదో వంతుకు తగ్గినప్పుడు సెల్లు నిండిందని టీపీ4056 నిర్ణయిస్తుంది. దీపం అదే సమయంలో కరెంటు లాగుతుంటే ఆ పదో వంతు ఎన్నటికీ రాదు, ఛార్జింగ్ ఆగదు. ఛార్జి చేస్తూ నిద్రపోవద్దని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను.

రెండో షిఫ్టు
మూడు వారాల తరువాత, ఆదివారం, ఉదయం 10:20

అందరికీ నివేదిక ఇవ్వవలసిన బాధ్యత నాకుంది.

ఎస్పీ రోడ్డు పక్క సందులో ఒకాయన నా ఎదుటే రెండు సెల్లకూ నికెల్ పట్టీలు వెల్డింగ్ చేసి ఇచ్చారు. ఛార్జి చేసి కలిపే ముందు 4.18, 4.17 వోల్టులు చూపించాయి. తూకం 46 గ్రాములు చొప్పున వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాను. సెల్లను నురగ రబ్బరులో చుట్టి ఛానెల్‌లో ఇరికించాను, తీగలను తాత గారు చెప్పినట్టు అంగుళం దూరంలో కట్టాను. ఆ రోజు నుంచి నేటి వరకు దీపం ఒక్కసారి కూడా ఆరిపోలేదు. హంపుల మీద కావాలని వేగంగా పోనిచ్చాను కూడా.

లెన్సు విషయంలో ఒక పొరపాటు చేశాను. కోల లెన్సును మొదట వెలుగు నిలువునా పరుచుకునేలా, తప్పు దిశలో అతికించాను. ఆ రాత్రి రోడ్డు మధ్యన సన్నని చార, దానికి పైన చెట్ల కొమ్మలన్నీ వెలిగిపోతూ కనిపించాయి. మరుసటి రోజు 90 డిగ్రీలు తిప్పితే సర్వీసు రోడ్డు రెండు అంచులూ కనిపించాయి. గోడ మీద 75 సెంటీమీటర్ల గుర్తు పెట్టి గురి కుదిర్చాక, సూచిక పలకలు మెరవడం లేదు, గుంతలు మాత్రం నీడలతో సహా కనిపిస్తున్నాయి. కాలినడక గారూ, మిత్రుణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టి నేనే ఎదురుగా 10 మీటర్ల దూరంలో నిలబడి చూశాను. పాత లెన్సు ముందు నేను కూడా కళ్లు మూసుకున్నాను. ఆనాడు మీతో వాదించినందుకు మన్నించండి.

రెండవ వారంలో సాయంత్రం పెద్ద వాన పడింది. మరునాడు లెన్సు లోపల ఆవిరి పట్టింది. నేను అన్ని అతుకులూ సిలికాన్‌తో మూశాను కదా, నీరు ఎలా వెళ్లిందో తెలియలేదు. ఇంకో విషయం, ఆ సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చింది, రెండు రాగి అతుకులు పచ్చబారాయి.

టంకం
ఆదివారం, మధ్యాహ్నం 12:15

వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, రాగిని అది తింటుంది. దుకాణంలో న్యూట్రల్ సిలికాన్ అని అడగండి. పచ్చబారిన అతుకులను గీకి మళ్లీ టంకం వేయండి.

నీరు వెళ్లిన దారి బహుశా స్విచ్చు తీగ రంధ్రం. దీపం వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి బయటికి పోతుంది. మీద చల్లని వాన పడగానే ఆ గాలి సంకోచించి, ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. తీగను పైనుంచి కాకుండా అడుగు వైపు నుంచి లోపలికి తీసుకోండి. రంధ్రానికి ముందు తీగను కిందికి ఒక వంపు తిప్పితే నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. ఛానెల్ అడుగున, వెనుక చివర సూది మందం రంధ్రం ఒకటి వదలండి. అన్నీ మూసేసిన పెట్టె కంటే ఊపిరి తీసుకునే పెట్టెలోనే ఆవిరి తొందరగా ఆరుతుంది.

డైనమో తాత
ఆదివారం, సాయంత్రం 4:00

వెనుక ఎర్ర దీపం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ సెల్లలోంచే దానికి కూడా ఒక తీగ లాగవచ్చు కదా?

రెండో షిఫ్టు
ఆదివారం, సాయంత్రం 4:35

లాగాలనే అనుకున్నాను తాతగారూ. అయితే ఆ తీగ ఫ్రేము పొడవునా పోవాలి, దారిలో ఎక్కడ ఒరుసుకున్నా రెండు దీపాలూ ఒకేసారి ఆరిపోతాయి. అందుకని వెనుకకు రెండు చిన్న సెల్లతో నడిచే వేరు దీపం కొనుక్కున్నాను. ఈ రోజు న్యూట్రల్ సిలికాన్ తెచ్చాను, తీగ రంధ్రం అడుగుకు మార్చే పని సగంలో ఉంది. వాన మళ్లీ పడ్డాక లెన్సు ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.